మూడో విజిల్‌లోగా

సాయంత్రం విశాఖలో ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాద్‌లో దించేస్తుంది గోదావరి ఎక్స్‌ప్రెస్. 1974 నుంచీ దానిదదే పని. ఆమె ఇంట్లో అడుగుపెట్టగానే వినిపించింది... “అమ్మా, నా సాక్సులేవీ?”

మూడు రోజులుగా ఆమెను అమ్మా అన్నవాళ్లు లేరు. హాస్టల్ నాటి నేస్తాలకు ఆమె ఇంకా ‘ఒసేయ్’! భీమిలి ఇసుకలో కూర్చుని, ఎవరి బీపీ మాత్రలు వాళ్లు వేసుకుంటూ, పాత వార్డెన్ నడకను గుర్తుచేసుకుని పగలబడి నవ్వారు. ఆ నవ్వుల మధ్యే ఒకామె ఏడ్చేసింది. ఎవరూ కారణం అడగలేదు.

ఇక్కడ సింకు నిండా గిన్నెలు. ఆయన వండిన పప్పు మాత్రం బాగానే ఉందట. ఆ మాట కాస్త గుచ్చుకుంది కూడా! మాడుగుల హల్వా పిల్లల చేతికిచ్చి, కుక్కర్ పొయ్యిమీద పెట్టింది. బ్యాగులోంచి చీర తీస్తుంటే ఇసుక రాలింది. మూడో విజిల్ రాకముందే విశాఖకు ఫోన్ కలిపింది.

“ఒసేయ్, ఆ రోజు ఎందుకేడ్చావే?”