లారీలకు ఒంటిటైర్లు

బరువు లారీల వెనుక ఇరుసునకు ప్రక్కకు రెండేసి టైర్లుండుట మనమెరిగినదే. వానికి బదులు 445 మిల్లీమీటర్ల వెడల్పుగల టైరొక్కటే అమర్చు పద్ధతి అమెరికాలో 2000 ప్రాంతమునుండి వ్యాపించినది. బండి తేలికయగును, నలుగు ప్రక్కగోడలు నాలుగు గాక రెండే యగుటచే డీజెలు మిగులును. ఈ లాభము యజమానిది. టైరు పగిలి నడిదారిని నిలిచిపోవు చిక్కును ఆతనిదే.

మా చింత రోడ్డును గూర్చి. బరువు ఇరుకుచోట మోపినకొలది రోడ్డు త్వరగా చితుకును. పాత ఇరుకు ఒంటిటైర్లకన్న ఈ క్రొత్తవి మేలే. అయినను ఐరోపా శాసనము జంట డ్రైవు ఇరుసులకు 18 టన్నులే హద్దు పెట్టి, జంటటైర్లును గాలిస్ప్రింగులును ఉన్నచో 19 టన్నుల ననుమతించుట గమనింపదగినది.

మనదేశమున 2018లో నాలుగు టైర్ల ఇరుసు హద్దును 10.2 నుండి 11.5 టన్నులకు పెంచిరి. ఇరుసు బరువు రెట్టింపైనచో రోడ్డునకు హాని సుమారు పదునారు రెట్లగునని ఇంజనీర్ల లెక్క. ఆ లెక్కను ఈ చిన్న హెచ్చుతోనే హాని ఒకటిన్నర రెట్లు దాటును. ఆపైన హద్దుమీరిన ఇసుక లారీలను చూడని మండలమేది? ఆ రోడ్డు వేయించు సొమ్ము లారీ యెక్కని రైతుదిగూడ.

వెడల్పు టైర్లను మేము కాదనము. టైరు వెడల్పునుబట్టి ఇరుసు బరువు ముందుగా నిర్ణయింపవలెను. మితిమీరిన సరుకును కాటాయొద్దనే దింపించుటకు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 114వ సెక్షను అధికారమిచ్చియే యున్నది. దానిని ముందు నడిపింపుడని ప్రభుత్వములను కోరుచున్నాము.