మా ద్రౌపదికి సున్నం కొట్టింది మేమే

పోయిన నెల సెమినార్ హాల్లో మా జట్టు తీసిన ద్రౌపది లఘుచిత్రం చూసినవాళ్ళకి ముందుగా క్షమాపణ. 'ఆ అమ్మాయి మొహం ఏంటే అలా బూడిద రంగులో ఉంది?' అని చాలామంది అడిగారు. మా అమ్మ అయితే కన్నడలో ఇంకా సూటిగా అడిగింది: "యాకే, ముఖక్కె సుణ్ణ బళిదిద్దీరా?"

మేకప్ అసలు వెయ్యలేదు. సున్నం పడింది ఎడిటింగ్‌లో.

కోట మెట్ల మీద, సాయంత్రం వెలుతుర్లో, అడిగి తెచ్చుకున్న కెమెరాతో 4కెలో తీశాం. ఆ ఫైళ్ళు పెడితే నా ల్యాప్‌టాప్ రెండు సెకన్లకోసారి ఆగిపోయేది. అందుకని అందరూ చేసే పనే మేమూ చేశాం. ప్రతి షాట్‌కీ 720పిలో చిన్న నకలు, అంటే ప్రాక్సీ, తయారు చేసుకున్నాం. 4కె ఫ్రేమ్‌లో ఉండే చుక్కల్లో తొమ్మిదో వంతే అందులో ఉంటాయి. కత్తిరించి అతికించడానికి అది చాలు. ఏ మాట దగ్గర కట్ చెయ్యాలో తెలియడానికి చర్మం రంగు అక్కర్లేదు కదా.

తప్పు రంగు దగ్గర జరిగింది. మేం తీసిన ఒరిజినల్ లాగ్‌లో ఉంది. అది చూడ్డానికి వెలిసిపోయినట్టు ఉంటుంది, రంగు తర్వాత మనం తెచ్చుకోవాలి. ప్రాక్సీలు చేసేటప్పుడు కంటికి బాగుంటుందని లట్ అనే రెడీమేడ్ రంగు ఫైలుని వాటిలోనే కలిపేశాం. దాంతో నకల్లో రంగు చిక్కబడి, నీడలు ముద్దయిపోయాయి. మా ద్రౌపది బాగా నలుపు. చెంప ఎక్కడ ఆగిందో, జుట్టు ఎక్కడ మొదలైందో తెలియలేదు. "మొహం కనపడట్లేదు, వెలుగు పెంచు" అన్నారు. పెంచాను. మౌస్ నా చేతిలోనే ఉంది. చివర్లో ఎక్స్‌పోర్ట్ కొడితే సాఫ్ట్‌వేర్ ఒరిజినల్స్ తీసుకుంది. వాటిలో లట్ లేదు, నేను పెంచిన వెలుగు మాత్రం పడింది. అది పూర్తయ్యేసరికి ప్రదర్శన రోజు పొద్దున్నే ఆరయింది. ఎవరూ మొత్తం చూడలేదు.

తర్వాత ఒరిజినల్ తెరిచి రంగు సరిగ్గా తెచ్చి చూశాను. చెంప మీద చెమట మెరుపు, కంటి కింద చిన్న మచ్చ, అన్నీ ఉన్నాయి! కెమెరా 10-బిట్, ఒక్కో రంగుకి 1024 మెట్లు. మా ప్రాక్సీ 8-బిట్, 256 మెట్లు. పైగా ఫైలు చిన్నది చెయ్యడంలో ముందు నలిగేది నీడలే. అంటే నల్లని మొహాలే. తెలుగు విభాగం వాళ్ళమై ఉండి, ద్రౌపదికి కృష్ణ అన్న పేరు ఎందుకొచ్చిందో చదువుకుని కూడా, ఆమెని తెల్లబరిచాం. ఆడవేషం ఆడవాళ్ళే వెయ్యాలన్న బళ్ళారి రాఘవ గారి ఊళ్ళో.

రీలు రోజుల్లో ఈ సంగతి అందరికీ తెలుసు. ఎడిటర్ కోసేది పాజిటివ్ ప్రింటుని, దాని మీద గీతలు పడ్డా పర్లేదు. తర్వాత అంచు నెంబర్లు చూసుకుని నెగటివ్ కత్తిరించేవారు. రంగు సరిచూడటం ఆ నెగటివ్ నుంచి ప్రింటు తీసేటప్పుడు ల్యాబ్‌లో జరిగేది. ఎల్.వి. ప్రసాద్ గారు 1976లో మద్రాసులో పెట్టిన కలర్ ల్యాబ్ పని ఇలాంటిదే.

ల్యాప్‌టాప్ లాగదు, టైం లేదు అంటారు. నేనూ అదే అన్నాను. కానీ రంగు దిద్దడానికి వీడియో ఆడుతూ ఉండక్కర్లేదు. ఒక్కో షాట్‌లో ఒక ఫ్రేమ్ దగ్గర ఆపి, ప్రాక్సీ నుంచి ఒరిజినల్‌కి మార్చుకుంటే చాలు. డావిన్చీ రిజాల్వ్‌లో దానికి మెనూలోనే వీలుంది. ఆగిన ఫ్రేమ్‌ని నా పాత ల్యాప్‌టాప్ కూడా చక్కగా చూపిస్తుంది. మావి నలభై ఒక్క షాట్లు, ఒక మధ్యాహ్నం పని. ఆ మధ్యాహ్నం ఆ అమ్మాయినీ పక్కన కూర్చోబెట్టుకోవాలి. మొహం తనది.

మేడమ్‌లకు ఒక మనవి. హార్డ్‌డిస్క్ నిండిందని, పూర్తయిన సినిమాల ఫుటేజ్ ఈ నెలాఖరుకి తీసేస్తామని నోటీసు పెట్టారు. మాది రెండు వందల జీబీ పైనే ఉంది, తెలుసు. ప్రాక్సీలు తీసేయండి, కావాలంటే మళ్ళీ చేసుకుంటాం. ఒరిజినల్స్ మాత్రం ఉంచండి, ఒక్క శనివారం ల్యాబ్ తాళం ఇప్పించండి.