చేవెళ్ల మర్రిచెట్ల నీడ సైకిల్‌కి, ట్రాక్టర్‌కి వదలండి

ఈసారి జీవామృతం, కషాయాల గురించి కాదు, సైకిల్ గురించి రాస్తున్నాను. పైన పెట్టిన వీడియో అప్పా జంక్షన్ దాటాక మొయినాబాద్ వైపు వెళ్తూ, హ్యాండిల్‌కి ఫోన్ బిగించి తీసింది. అందులో నా మాట తక్కువ, గాలి శబ్దం ఎక్కువ. అందుకే చెప్పాల్సింది ఇక్కడ చెబుతున్నా.

చేవెళ్ల రోడ్డు వెడల్పు కావాల్సిందే. కానీ రెండు వరసల మర్రిచెట్ల మధ్య ఉన్న పాత రోడ్డుని అలాగే ఉంచి సైకిళ్లకి, ట్రాక్టర్లకి, ఊరి బండ్లకి వదలాలి. బస్సులకి, టిప్పర్లకి కొత్త దారి చెట్ల అవతల వేయాలి. ఇది సైకిల్ తొక్కేవాళ్ల సరదా అని కొట్టిపారేయకండి. ఇందులో రైతుకి పోయేదీ ఉంది, వచ్చేదీ ఉంది.

మాది చిక్కడపల్లి. ఆదివారం తెల్లారకముందే బయలుదేరితే నారాయణగూడ, హిమాయత్‌నగర్, లక్డీకాపూల్, మెహదీపట్నం, లంగర్‌హౌజ్, బండ్లగూడ మీదుగా అప్పా జంక్షన్ చేరతాం. చేవెళ్ల దాకా నలభై కిలోమీటర్ల పైమాటే. తమాషా ఏంటంటే, అప్పా దాటాక మొయినాబాద్ మండలంలో ఇంకో హిమాయత్‌నగర్ వస్తుంది. పొద్దున నారాయణగూడ పక్కన ఒక హిమాయత్‌నగర్ దాటుతాం, టిఫిన్ వేళకి చేల మధ్య ఇంకోటి. మా పేటల పేర్లలో తోటలు మిగిలే ఉన్నాయి. బాగ్‌లింగంపల్లి అంటాం, బాగ్ అంటే తోటే కదా. ఇప్పుడక్కడ తోట ఏదని అడిగితే అపార్ట్‌మెంట్లు చూపిస్తారు. అశోక్‌నగర్ వాళ్లకి ఇందిరా పార్కు ఉంది కాబట్టి సరిపోయింది. అదీ లేకపోతే నాలా పక్కన గోడ నీడే గతి.

మొయినాబాద్ చుట్టుపక్కల ఇంకా చేలు, చెట్లు మిగిలాయంటే అది అదృష్టం కాదు, వెనక పెద్ద కథ ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద హైదరాబాద్‌ని ముంచేసింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. వరదని పైనే ఆపాలన్న ఆయన ప్రణాళిక నుంచి వచ్చినవే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. ఆ చెరువుల్లోకి నీళ్లు శుభ్రంగా రావాలని 1996లో జీవో 111 తెచ్చారు. 84 గ్రామాల్లో ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రాకుండా అది అడ్డుపడింది. వ్యవసాయానికి అడ్డు చెప్పలేదు. చిలుకూరు దగ్గర ఒకప్పటి వేట అడవి మృగవని జాతీయ పార్కుగా మిగిలింది. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలని సడలించారు. అప్పటి నుంచి ఆ దారిలో వెంచర్ల బోర్డులు ఏడాదికేడాది ఎక్కువవుతున్నాయి. సైకిల్ మీద వెళ్లేవాడికి ప్రతి బోర్డూ కనిపిస్తుంది. కారులో అయితే కనిపించదు.

ఇక మర్రిచెట్లు. అప్పా నుంచి మన్నెగూడ దాకా, 46 కిలోమీటర్ల దారిలో దాదాపు తొమ్మిది వందలు. నిజాం కాలం నాటివని చెబుతారు. ఏప్రిల్‌లో ఎండ మాడుస్తున్నప్పుడు ఆ నీడలోకి దిగితే ఒళ్లు చెప్తుంది తేడా ఎంతో.

నీడ సంగతి సైకిల్ వాడికి. మరి మన వాళ్లకి? ప్రకృతి వ్యవసాయంలో మనం చేసే పనే చూడండి. ఎకరానికి ఇన్ని అని చేలో పక్షి స్థావరాలు పాతమంటాం, కర్రకి అడ్డకర్ర కట్టి. గోరింకలు వచ్చి వాలాలి, పురుగుని ఏరుకు తినాలి. ఆ గోరింకలు రాత్రి ఎక్కడ పడుకుంటాయి? మర్రిపళ్లు పండినప్పుడు పిట్టలన్నీ ఎక్కడ చేరతాయి? తొమ్మిది వందల స్థావరాలు రోడ్డు పక్కన వంద ఏళ్లుగా నిలబడి ఉంటే వాటిని తీసేసి, చేలో కర్రలు పాతుకోమంటే ఎలా? రెండోది, 200 లీటర్ల జీవామృతంలో 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి వేశాక గుప్పెడు మన్ను వేస్తాం కదా. ఆ మన్ను మందులు తగలని చోటు నుంచి తెమ్మంటాం. పెద్ద చెట్టు మొదట్లో ఉండే మన్ను అలాంటిదే. అయితే ఒక మాట, రోడ్డు వారన ఉన్నది తీసుకోకండి. డీజిల్ మసి, టైర్ల పొడి అంతా అక్కడే చేరుతుంది. ఆ వరస నుంచి చేల లోపలికి పెరిగిన మర్రి చూసుకోండి.

ఇప్పుడు కష్టమైన మాట. 2025 నవంబర్ 3, సోమవారం ఉదయం, చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సుని ఢీకొట్టింది. 19 మంది పోయారు. సెలవుకి ఇంటికెళ్లి సిటీకి తిరిగొస్తున్న చదువుకునే పిల్లలు కూడా వాళ్లలో ఉన్నారు. మా అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల చుట్టూ, సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద కనిపించే పిల్లలు అలాంటి ఊళ్ల నుంచి, అలాంటి బస్సుల్లోనే వస్తారు. ఆ వారమంతా ఎక్కడ విన్నా ఒకటే మాట, చెట్ల కోసం మనుషుల్ని చంపారని. గ్రీన్ ట్రిబ్యునల్‌లో ఏళ్ల తరబడి నడిచిన కేసు అంతకు కొద్ది రోజుల ముందే తేలింది. ఎక్కువ చెట్లు ఉన్నచోటే ఉంచి, కొన్నిటిని తరలించి పని చేసుకోవడానికి దారి దొరికింది.

ఆ కోపం నాకు అర్థమవుతుంది. రెండు లైన్ల రోడ్డు మీద టిప్పరూ, బస్సూ ఎదురెదురుగా రాకూడదు. నా ఆదివారం సైకిల్ కోసం ఎవరి బిడ్డా బస్సులో ప్రాణం పోగొట్టుకోకూడదు. అందుకే డివైడర్ ఉన్న కొత్త రోడ్డు త్వరగా వేయమని నేనూ అంటున్నా. కానీ పాత రోడ్డుని కూడా అందులో కలిపేసి వేగం పెంచితే, ట్రాక్టర్ మీద గడ్డి తెచ్చే రైతు, పాల క్యాన్లు కట్టుకుని బండి మీద వచ్చే పిల్లాడు ఎక్కడ నడపాలి? ఆరు చక్రాల బండి పక్కనేనా? నిదానంగా పోయేవాళ్లకి వేరే దారి ఇవ్వడం కూడా ప్రాణాలు కాపాడే పనే.

కొత్త దారి చెట్ల అవతల వేయాలంటే భూమి కావాలి. ఆ భూమి రైతుదే. ఇక్కడ చాలామంది పర్యావరణ ప్రేమికులు మాట దాటేస్తారు, నేను దాటేయను. కూరగాయలు, బంతి, చామంతి పండే నేల అది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం రావాల్సినది రూపాయి తగ్గకుండా, పని మొదలుపెట్టకముందే చేతికివ్వాలి. బోరు, పైపులైన్, పండ్ల చెట్లు అన్నీ లెక్కలోకి రావాలి. చెట్టుని కాపాడిన ఖర్చు రైతు నెత్తిన పడితే, రేపు ఆ చెట్టుకి మొదటి శత్రువు రైతే అవుతాడు.

సైకిళ్ల కోసం ఔటర్ పక్కన సోలార్ ట్రాక్ వేశారు కదా అని మా కాలనీలో కొందరు అడిగారు. వేశారు, 2023 అక్టోబర్‌లో తెరిచారు, 23 కిలోమీటర్లు. బాగుంది, పైన ప్యానెళ్లు, కింద నీడ, కరెంటూ వస్తుంది. కాకపోతే ఆ ట్రాక్ మీద వెళ్తే ఏ రైతూ ఎదురుపడడు. ఏ గట్టు మీదా ఆగలేం. లండన్‌లో రిచ్మండ్ పార్క్ అని ఉంది. 1637లో ఒకటో చార్లెస్ రాజు గోడ కట్టించి వేటకి ఉంచుకున్న చోటు, సుమారు 2,500 ఎకరాలు. ఇప్పుడు జింకల మధ్యనే జనం సైకిళ్లు తొక్కుతారు, కార్లకి గంటకి 20 మైళ్ల హద్దు. మనకి రాజుల వేట అడవీ ఉంది, చెరువులూ ఉన్నాయి, మర్రుల వరసా ఉంది. వాళ్లకి లేనిది ఇంకోటి ఉంది. మన దగ్గర ఆ చెట్ల పక్కనే పాలకూర, టమాటా పండుతున్నాయి.

మాతో వచ్చేవాళ్లలో నలుగురు ఇప్పుడు చిక్కడపల్లి మార్కెట్‌లో ఆకుకూరలు కొనడం మానేశారు. మొయినాబాద్ దాటాక ఒక రైతు దగ్గర సంచీలో వేసుకుని హ్యాండిల్‌కి తగిలించుకుంటారు. మొదటిసారి చూసి ఆయన "ఏంది సారూ, కారు లేదా ఇంట్ల?" అని నవ్వాడు. ఇప్పుడు శనివారం సాయంత్రమే ఎన్ని కట్టలు కావాలని ఫోన్ చేస్తున్నాడు.

రావాలనుకునేవాళ్లకి: వెనక ఎర్ర లైటు తప్పనిసరి, హెల్మెట్ సరేసరి. చెట్ల కింద నీడలో సైకిల్ లారీ డ్రైవర్‌కి కనిపించదు, లేత రంగు చొక్కా వేసుకోండి. తొమ్మిది దాటితే టిప్పర్లు ఎక్కువవుతాయి, ఆలోపు తిరిగి అప్పా చేరేట్టు చూసుకోండి. ఆ దారిలో పొలం ఉన్న రైతులు ఎవరైనా ఇది చదువుతుంటే, భూసేకరణ నోటీసులు ఎంతదాకా వచ్చాయో కింద రాయండి. తర్వాతి వీడియో దాని మీదే చేద్దాం.