లోగో ఒక్కటే చాలదు!

విద్యా సంవత్సరం ముగుస్తుందంటే డిజైన్, ఫైన్‌ఆర్ట్స్ కాలేజీల్లో ఫైనలియర్ ఎగ్జిబిషన్ల హడావుడి మొదలవుతుంది. ప్రదర్శన పేరు, రంగులు, అక్షరాల తీరు, పోస్టర్లు, దారి చూపే బోర్డులు, ఇన్‌స్టా పోస్టులు, క్యాటలాగ్.. ఇవన్నీ ఒకే ఇంటి పిల్లల్లా కనిపించేలా చేయడమే విజువల్ ఐడెంటిటీ. ఈ పని సాధారణంగా ఇద్దరు ముగ్గురి నెత్తిన పడుతుంది. మిగతావాళ్లు ‘పోస్టరే కదా’ అనుకుంటారు. ఉద్యోగం కోణంలో చూస్తే మాత్రం బ్యాచ్‌లో మంచి అవకాశం వాళ్లదే.

క్లాస్ ప్రాజెక్టులో క్లయింట్ ఊహే. ఇక్కడ అన్నీ నిజం: బడ్జెట్ తక్కువ, తేదీ మారదు, క్లాస్‌మేట్లు తలో మాట అంటారు. పైగా అడోబీ ఫైర్‌ఫ్లై లాంటి ఏఐ టూల్స్ 2023 నుంచి అందుబాటులోకి వచ్చాక, అందమైన పోస్టర్ ఒకటి ఎవరైనా నిమిషాల్లో తీయగలుగుతున్నారు. అంటే పోర్ట్‌ఫోలియోలో ఒంటరి పోస్టర్ విలువ పడిపోయినట్టే. అదే ఆలోచన 1080 పిక్సెళ్ల ఫోన్ పోస్టులోనూ, గేటు దగ్గర ఫ్లెక్సీలోనూ, మూడో అంతస్తు గది బోర్డులోనూ నిలబడిందని చూపించగలిగితే ఆ లెక్క వేరు.

అసలు పరీక్ష తెలుగు దగ్గరే. చాలామంది డిజైన్ అంతా ఇంగ్లిష్‌లో చేసి, తెలుగును చివర్లో అతికిస్తారు. ఇంగ్లిష్‌కు సరిపోయిన లైన్ గ్యాప్ తెలుగుకు చాలదు. ‘సృష్టి’ లాంటి మాటలో కింద వేలాడే ఒత్తు కింది లైన్‌లోని గుడికి తగులుతుంది. అందుకే రెండు భాషలనూ మొదటి రోజే పక్కపక్కన పెట్టి చూడాలి. ఏక్ టైప్ సంస్థ ‘అనేక్’ ఫాంట్‌ను తెలుగు, ఇంగ్లిష్‌తో కలిపి 10 లిపుల్లో చేసింది. లావు, వెడల్పు కావలసినట్టు మార్చుకోవచ్చు. ఉచితం కూడా. హెడ్డింగులకు ‘రామభద్ర’, ‘బాలూ తమ్ముడు’ ఉన్నాయి.

ప్రింటింగ్ దగ్గర ఇంకో చిక్కు. మన డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇప్పటికీ ‘అను’ ఫాంట్లే. మీ యూనికోడ్ ఫైల్ అక్కడ తెరిస్తే అక్షరాలు చెదిరిపోవచ్చు. అక్షరాలను అవుట్‌లైన్లుగా మార్చి, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ వదిలి పీడీఎఫ్ ఇవ్వండి. మార్పులు చేసుకునే కాపీ మీ దగ్గర ఉంచుకోండి. స్క్రీన్ మీద మెరిసే నియాన్ ఆకుపచ్చ కాగితం మీదకు వచ్చేసరికి నీరసపడుతుంది కాబట్టి, ఒక ఏ4 శాంపిల్ తీయించాకే ఆర్డర్ ఇవ్వాలి. ఈ సంగతులన్నీ చెప్పగలిగే ఫ్రెషర్‌కు ఇంటర్వ్యూలో మాటలకు కొదవుండదు.

పేరు విషయంలో మొహమాటం వద్దు. టీమ్ పనిలో ‘ఇందులో మీరు చేసిందేంటి?’ అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం సాధారణంగా సృష్టికర్తే మొదటి హక్కుదారు, ఉద్యోగంలో భాగంగా చేస్తే యజమానిది. విద్యార్థి ఉద్యోగి కాదు. అయినా కాలేజీలకు సొంత నిబంధనలుంటాయి. ఫైళ్లు ఎవరివి, క్యాటలాగ్‌లో ఎవరి పేరు ఎలా వేస్తారు అన్నది పని మొదలుపెట్టక ముందే ఈమెయిల్‌లో రాయించుకోండి.

పోర్ట్‌ఫోలియోలో తుది డిజైన్‌తో పాటు, పక్కన పెట్టేసిన రెండు మూడు ఆలోచనలు, ఎందుకు వదిలేశారో ఒక్కో వాక్యం పెడితే చాలు. ఇంజినీరింగ్ విద్యార్థులు టెక్‌ఫెస్ట్‌కు చేసిన పనికీ ఇదే వర్తిస్తుంది. ప్రదర్శన ముగిసిన రాత్రే ఫ్లెక్సీలు విప్పేస్తారు కాబట్టి ఫొటోలు మొదటి రోజే తీయాలి. ఖాళీ గోడవి కాదు, మీ బోర్డు చూసి దారి కనుక్కుంటున్న జనంవి.