విద్యార్థుల విదేశయాత్ర

విశ్వవిద్యాలయ విద్యార్థులను విద్యాయాత్రల పేరిట విదేశాలకు పంపే ఆచారం నేడు విస్తరిస్తున్నది. సంతోషించవలసిన విషయమే. అయితే విమానం ఎక్కినంత మాత్రాన యాత్ర విద్య కాజాలదు.

చీనా భిక్షువు హ్యూయన్‌త్సాంగ్ 7వ శతాబ్దిలో నలందలో చదివాడు. ఆంధ్రదేశాన ధాన్యకటకంలోనూ కొంతకాలం నిలిచాడు. 645లో స్వదేశం చేరినప్పుడు ఆయన వెంట 657 గ్రంథాలున్నవి. 664లో కన్నుమూసే వరకు వాటి అనువాదానికే జీవితాన్ని ధారపోశాడు. ఆ యాత్ర ఫలించినది తిరిగివచ్చిన పిమ్మటనే.

ఆధునిక కాలంలో సోఫియా కొర్రాడి అనే ఇటలీ యువతి ఫుల్‌బ్రైట్ వేతనంతో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, 1950ల చివర స్వదేశానికి మరలి వచ్చారు. రోము విశ్వవిద్యాలయం ఆ చదువును పరిగణింప నిరాకరించింది. ఆమె ఊరకుండలేదు. పరదేశంలో నేర్చిన పాఠం స్వదేశపు పట్టాలో చేరి తీరాలని ఏళ్ళ తరబడి వాదించారు. ఐరోపాలో 1987లో ఎరాస్మస్ పథకం వెలయడానికి ఆ కృషి దోహదం చేసింది. తొలి ఏడు 11 దేశాలకు చెందిన 3,244 మంది విద్యార్థులు దానివల్ల లబ్ధి పొందారు.

కావున యాత్రకు ముందొక ప్రశ్న, వెనుకొక పని ఉండాలి. ఏ గ్రంథాలయంలో, ఏ ప్రయోగశాలలో ఏమి తెలుసుకొనవలెనో అధ్యాపకులు, విద్యార్థులు కలిసి ముందే నిశ్చయించుకొనాలి. ఆ దేశభాషలో నాలుగు మాటలైనా నేర్వాలి. నేర్చినదానికి పరీక్షలలో విలువ కట్టాలి. చూచినదానిని వ్రాసి, వెళ్ళలేనివారికి వినిపించాలి. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లలో కాశీకి పోయివస్తూ జాబులరూపాన వ్రాసినందుననే, 1838లో అచ్చయిన ఆ గ్రంథం ఇల్లు కదలనివారికి సైతం దేశాన్ని చూపింది.

ఇక వ్యయం మాట. తండ్రి ధనమే అర్హత అయినచో అది విహారయాత్ర. దానికి విద్యాలయం పూనుకొన నవసరం లేదు. పొలం తాకట్టు పెడితే తప్ప బిడ్డను పంపలేని రైతు ఇంట ప్రతిభ ఉండవచ్చు. ఆ బిడ్డ వ్యయాన్ని విద్యాలయమే భరించాలి. ఇరువది మందికి వారం రోజులు నగరాలు చూపించుటకంటె, ఇద్దరిని ఆరు నెలలు అక్కడ చదివించుట మేలు.

తిరిగివచ్చిన విద్యార్థిని మొదట అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: తోటివారికి పంచడానికి ఏమి తెచ్చావు?