శకునాల పేరిట పశుపక్ష్యాదులకు, మనుషులకు జరుగుతున్న కీడును ఆపడం గురించి గ్రామసభ తీర్మానం

సర్పంచ్ గారి అధ్యక్షతన, దసరా పండుగకు ముందు, గ్రామ పంచాయతీ ఆవరణలో సమావేశమైన గ్రామసభ ఈ విషయాన్ని ఎజెండాలోని చివరి అంశంగా చర్చకు తీసుకున్నది. రైతులు, మహిళా సంఘాల సభ్యులు, ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ టీచర్, ఆశా కార్యకర్త, గుడి పూజారి గారు చర్చలో పాల్గొన్నారు. సభ ముందుకు వచ్చిన సంగతులు, వాటిపై సభ అభిప్రాయం, తీసుకున్న నిర్ణయాలు ఈ కింద నమోదు చేయడమైనది.

నేపథ్యం

వాడకంలో లేని పాత ధాన్యం గోదాములో తెల్ల గూబల జంట కాపురముంటున్నది. అవి రాత్రిళ్లు అరుస్తున్నాయని, గోదాము పక్కనే ఉన్న తమ ఇంట్లో పెద్దమనిషి మంచాన పడ్డారని, గూళ్లు తీయించి గోదామును కూలగొట్టాలని పంచాయతీకి దరఖాస్తు వచ్చింది. గూబ తమ ఇంటి కప్పు మీద కూడా వాలినందున ఇల్లు పాడుపెట్టాలని బంధువులు ఒత్తిడి చేస్తున్నారని దరఖాస్తుదారు సభకు తెలిపారు. ఇల్లు పాడుపెట్టడమంటే తాళం వేసి నెలల తరబడి వేరే చోట అద్దెకుండటం, తిరిగి వచ్చేటప్పుడు శాంతి చేయించటం. జబ్బు మనిషిని చూసుకుంటున్న ఇంటికి ఈ ఖర్చు ఆసుపత్రి ఖర్చు మీద అదనం.

గోదాము నేల మీద దొరికిన గూబ ఉండలను సైన్సు ఉపాధ్యాయురాలు సభ ముందు పాత పేపరు మీద పరిచి చూపించారు. బొటనవేలంత పొడవున్న నల్లటి ఉండలవి. గూబ ఎలుకను నమిలి తినదు, మింగుతుంది. అరగని బొచ్చును, ఎముకలను ఉండగా చుట్టి నోటితోనే బయటికి కక్కుతుంది. ఒక ఉండను నీళ్లలో నానబెట్టి పుల్లతో విప్పగా బూడిదరంగు బొచ్చు మధ్య ఎలుకల పుర్రెలు, దవడలు, నారింజ రంగు కొరుకుడు పళ్లు విడివిడిగా బయటపడ్డాయి. అవి ఎవరి పొలంలో తిరిగిన ఎలుకలో రైతులకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

సభ గమనించిన విషయాలు

1. తెల్ల గూబ ‘గూ’ అని కూయదు, కీచుమని అరుస్తుంది. దాని పిల్లలు బెదిరితే పాములా బుసకొడతాయి. హృదయాకారపు తెల్లటి ముఖం చప్పుడును చెవులకు చేరవేస్తుంది. రెక్కల ఈకల అంచులు గాలిని చీల్చే శబ్దాన్ని అణచివేస్తాయి. చీకట్లో సడి లేకుండా తెల్లగా ఎగిరి వచ్చి కీచుమనేదాన్ని చూసి దయ్యమనుకోవటం వింత కాదు. 2017లో విశాఖపట్నంలో కట్టుబడి జరుగుతున్న ఒక భవనంలో నిటారుగా నిలబడ్డ గూబ పిల్లలను చూసి గ్రహాంతరవాసులని వీడియోలు తిరిగాయి. మన పెద్దలు దయ్యమన్నారు, ఫోన్లు చేతికొచ్చిన వాళ్లు గ్రహాంతరవాసులన్నారు. పిట్ట మాత్రం ఒకటే.

2. తన తండ్రి పోయిన రాత్రి గూబ అరిచిందని, చెవులారా విన్నానని ఒక పెద్దాయన చెప్పారు. ఆయన మాటను సభ తోసిపుచ్చలేదు. అయితే గోదాములో గూబలు ఏళ్లుగా ఉన్నాయి, దాదాపు ప్రతి రాత్రీ అరుస్తున్నాయి. చావు లేని రాత్రుల అరుపును ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. జబ్బు మనిషి ఉన్న ఇంట్లో తెల్లవార్లూ దీపం వెలుగుతుంది. దీపానికి పురుగులు చేరతాయి, పురుగుల కోసం పైడికంటి అనే చిన్న గూబ వస్తుంది. మెలకువగా ఉన్న ఇంటివాళ్లకు దాని కూత వినబడుతుంది, నిద్రపోయే ఇళ్లకు వినబడదు.

3. తీతువు పిట్ట కూస్తే చావు కబురు వస్తుందనే మాట కూడా ఇలాంటిదే. తీతువు చెరువు గట్టున, బీడులో, ఉత్త నేల మీద గుడ్లు పెడుతుంది. రాత్రి అటుగా మనిషి నడిచినా కుక్క నడిచినా గుడ్లను కాపాడుకోవటానికి అరుస్తూ చుట్టూ తిరుగుతుంది. చావు కబురు మోసుకొచ్చే మనిషి కూడా ఆ దారినే నడిచి వస్తాడు. పిట్ట అరిచినందుకు మనిషి రాలేదు, మనిషి వచ్చినందుకు పిట్ట అరిచింది.

4. మనం దయ్యమంటున్న ఈ పిట్టను ఎలుకల నివారణ కోసం పిలిచి గూడు కట్టిచ్చే దేశాలున్నాయి. మలేషియాలో పామాయిల్ తోటల్లో గూబలకు పెట్టెలు అమర్చారు. ఇజ్రాయెల్‌లో 1983లో ఒక కిబుట్జ్ (సమష్టి వ్యవసాయ గ్రామం) రైతులు మొదలుపెట్టిన పెట్టెల పద్ధతి తర్వాత జోర్డాన్, పాలస్తీనా రైతుల దాకా వెళ్లింది. మన వ్యవసాయ శాఖ కూడా వరి మడుల్లో ఎలుకల కోసం పక్షి స్థావరాలు పెట్టమని ఏళ్లుగా చెబుతున్నది.

5. శకునం మంచిదైనా జంతువుకు మేలు జరగటం లేదు. దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమంటాం. ఆ శుభాన్ని అమ్ముకోవటానికి మన రాష్ట్ర పక్షినే పట్టి, కాళ్లు కట్టి, పంజరంలో వీధి వీధి తిప్పి డబ్బులు వసూలు చేస్తున్నారు. రెండు తలల పాము ఇంట్లో ఉంటే సిరి అంటారు. దానికి ఉన్నది ఒకటే తల. తోక మొద్దుగా ఉండి తలలా కనబడుతుంది, అంతే. విషం లేని ఆ పాము లక్షలకు, కోట్లకు పోతుందన్న పుకారుతో దొంగచాటుగా అమ్ముడవుతున్నది. నక్షత్ర తాబేలు సంగతీ ఇంతే. దీపావళి అమావాస్యకు క్షుద్రపూజల కోసం గూబలను బలి ఇవ్వటం దేశంలో పలుచోట్ల ఉన్నదే. వన్యప్రాణుల వ్యాపారంపై నిఘా ఉంచే ట్రాఫిక్ ఇండియా సంస్థ 2010లో వెలువరించిన నివేదిక, దేశంలోని సుమారు 30 రకాల గూబల్లో 15 రకాలు అక్రమ వ్యాపారంలో కనిపించాయని తెలిపింది. బెంగాల్‌లో గూబ లక్ష్మీదేవి వాహనం, ఇక్కడ దయ్యపు పిట్ట. రెండు నమ్మకాల మధ్యా చచ్చేది గూబే.

6. పాము పగబడుతుందని చంపిన పాము తల నలిపి కాల్చటం, పాము కరిస్తే ముందు మంత్రం వేయించటం ఇంకా జరుగుతున్నాయి. పగ సంగతి సినిమాల్లోనిది. కాటుకు మందు ఆసుపత్రిలో ఉంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది. మంత్రం దగ్గర పోయిన గంట తిరిగి రాదని ఆశా కార్యకర్త సభకు చెప్పారు.

7. పిల్లి ఎదురైతే ఆగటం, బల్లి మీద పడితే పంచాంగం తెరవటం, కాకి తాకితే తలస్నానం చేయటం ఎవరి ఇష్టం వారిది. వీటిలో సభ జోక్యం చేసుకోదు. ఆ కారణంగా పిల్లినో, బల్లినో, కాకినో కొట్టటం మాత్రం సభ విషయమే.

8. చర్చలో మహిళా సంఘం సభ్యురాలు ఒకరు లేచి అడిగిన ప్రశ్నను యథాతథంగా నమోదు చేయాలని సభ కోరింది: “పెండ్లికి పోయేటప్పుడు పిల్లి ఎదురైతే ఆగుతరు, భర్త పోయిన నేను ఎదురైనా ఆగుతరు. పిల్లికన్న తెల్వదు. నాకు తెలుస్తది కదా?” శకునాల పట్టికలో గూబ, పిల్లి ఉన్నచోటే భర్త పోయిన స్త్రీ, ఒంటి బ్రాహ్మణుడు, కట్టెల మోపు మోసే మనిషి కూడా ఉన్నారు. ఒక ప్రాణి ముఖం చూస్తే కీడు అని ఒప్పుకున్న నోటికి, ఒక మనిషి ముఖం చూస్తే కీడు అనటానికి పెద్ద ఆలోచన అక్కరలేదని సభ భావించింది. గూబ మీద వేసిన ముద్రనూ, ఆ చెల్లె మీద వేసిన ముద్రనూ వేరువేరుగా తుడవలేమని, ఈ తీర్మానంలో రెండింటినీ కలిపే పెట్టాలని నిర్ణయించింది.

9. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గూబలకు, పాలపిట్టకు, రెండు తలల పాముకు, నక్షత్ర తాబేలుకు రక్షణ ఉంది. చంపటమే కాదు, పక్షి గూడును, గుడ్లను కదిలించటం కూడా ఆ చట్టంలో వేట కిందికే వస్తుంది. ప్రాణుల పట్ల దయ, శాస్త్రీయ దృష్టి పౌరుల విధులని రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం చెబుతున్నది. క్షుద్రపూజలు, దురాచారాల మీద మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి.

10. ఈ తీర్మానం ఎవరి దైవభక్తికీ అడ్డు కాదు. పుట్టలో పాలు పోసే చేతులు, పాలపిట్టకు దండం పెట్టే చేతులు మనవే. శాంతి మనసు కుదుటపడటానికేనని, ఇల్లు వదిలిపోవటం, పిట్టను కొట్టటం అందులో లేవని పూజారి గారు స్పష్టం చేశారు.

తీర్మానం

పై విషయాలను పరిశీలించి, గ్రామసభలో ఈ కింది విధంగా తీర్మానించడమైనది:

(1) గోదామును ఇప్పుడు కూలగొట్టరాదు. రాత్రి అరుపులతో జబ్బు మనిషికి నిద్ర లేదన్న దరఖాస్తుదారు బాధ నిజమైనదే. కనుక గూబ పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగి, అటవీ శాఖ అనుమతితో, పొలాల వైపు ఇళ్లకు దూరంగా చెక్క పెట్టె అమర్చి, తర్వాత గోదాము కంతలు మూయించాలి. పెట్టె ఖర్చు పంచాయతీ భరిస్తుంది.

(2) గూబ వాలిందనో, దూరిందనో ఊళ్లో ఎవరినీ ఇల్లు పాడుపెట్టమని ఒత్తిడి చేయరాదు. అలా ఒత్తిడి వచ్చిన కుటుంబం పంచాయతీకి చెబితే సర్పంచ్, వార్డు సభ్యులు ఆ ఇంటికి వెళ్లి అండగా నిలబడాలి. ఇల్లు పాడుపెట్టే పని మీద పంచాయతీ నిధుల్లోంచి గాని, ఊరి చందాల్లోంచి గాని రూపాయి ఖర్చు పెట్టరాదు.

(3) గూబ ఇంట్లోకి వస్తే లోపలి లైట్లు ఆర్పి, తలుపులు, కిటికీలు తెరిచి పక్కకు తప్పుకోవాలి. దానంతట అదే పోతుంది. రాళ్లు, కర్రలు వాడరాదు. దెబ్బ తగిలిన పక్షి కనబడితే అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు కబురు చేయాలి.

(4) యాసంగి నాట్లకు ముందు వరి మడుల్లో పక్షి స్థావరాలు నాటడానికి రైతు వేదికలో సమావేశం పెట్టించాలని వ్యవసాయ విస్తరణ అధికారిని కోరాలి. విషపు ఎర తిన్న ఎలుకను తింటే గూబ కూడా చావవచ్చు. అందుచేత జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడయోలోన్ ఎర పెట్టిన రైతులు మర్నాటి నుంచి కొన్ని రోజుల పాటు పొద్దున్నే చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చిపెట్టాలి.

(5) ఈ దసరాకు పాలపిట్టను పంజరంలో తెచ్చి చూపించేవారికి ఊళ్లో ఎవరూ డబ్బులు ఇవ్వరాదు. వెంటనే అటవీ శాఖకు తెలపాలి. పాలపిట్టను చూడదలచినవారు పొద్దున్నే పొలం గట్టుకు పోతే కరెంటు తీగ మీదే కనబడుతుంది.

(6) రెండు తలల పామును, నక్షత్ర తాబేలును పట్టటం, దాచటం, కొనుగోలుదారులను ఊళ్లోకి తేవటం ఎవరు చేసినా పంచాయతీ వారి తరఫున మాట్లాడదు.

(7) పాము కాటుకు మొదట 108కి ఫోన్ చేయాలి. కోయటం, గట్టిగా కట్టటం, నోటితో పీల్చటం చేయరాదు. మంత్రం పేరిట ఆలస్యం చేయించినవారి విషయం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి దృష్టికి తీసుకుపోవాలి.

(8) ఊళ్లో ఎవరినీ, ముఖ్యంగా భర్త పోయిన స్త్రీలను, ఎదురు రావద్దని, పక్కకు జరగమని అనరాదు. ఈ ఏడు బతుకమ్మ సంబరాల్లో పంచాయతీ తరఫున మొదటి దీపం వెలిగించే బాధ్యతను పై ప్రశ్న అడిగిన సభ్యురాలికి అప్పగించడమైనది.

(9) జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఊరి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో గూబల గూళ్లను, తీతువు గుడ్లు పెట్టే బీళ్లను, పాముల పుట్టలను నమోదు చేయాలి. ఈ పనిలో ఉన్నత పాఠశాల పిల్లలు సాయపడతారని ఉపాధ్యాయులు ఒప్పుకున్నారు.

(10) మహారాష్ట్ర, కర్ణాటక తరహాలో క్షుద్రపూజలు, దురాచారాల నివారణకు రాష్ట్రంలో కూడా సమగ్ర చట్టం తేవాలని ప్రభుత్వాన్ని ఈ గ్రామసభ కోరుతున్నది.

తన తండ్రి సంగతి చెప్పిన పెద్దాయన రెండో అంశంపై మాత్రం తన అసమ్మతిని నమోదు చేయాలని కోరారు, నమోదు చేయడమైనది. మిగిలిన అంశాలన్నీ ఏకగ్రీవంగా, రెండో అంశం మెజారిటీతో ఆమోదించడమైనది. ఈ తీర్మానం ప్రతులను మండల పరిషత్ అభివృద్ధి అధికారికి, అటవీ రేంజ్ అధికారికి, మండల వ్యవసాయ అధికారికి, ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులకు పంపి, ఊళ్లో డప్పు చాటింపు వేయించి, పంచాయతీ నోటీసు బోర్డు మీద అతికించవలసిందిగా పంచాయతీ కార్యదర్శిని ఆదేశించడమైనది. తీర్మానం ఈ రోజు నుంచే అమలులోకి వస్తుంది.