పక్క సీట్లో పెద్దవారికి నిబంధనలేవి?

ఎల్ బోర్డు ఎలా ఉండాలో మన నిబంధనలు కొలతలు వేసి మరీ చెబుతాయి. తెలుపు మీద ఎర్ర అక్షరం. ఎత్తు 10 సెంటీమీటర్లకు తగ్గకూడదు, మందం 2, అడుగున వెడల్పు 9. బోర్డు 18 సెంటీమీటర్ల చదరం ఉండాలి, బండికి ముందొకటి, వెనకొకటి పెట్టాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో మూడోది ఇది. నేర్చుకునేవారి వెంట ఉండాల్సిన మనిషి గురించి అదే నిబంధన చెప్పేది ఒక్క ముక్క. ఆ బండి నడిపే లైసెన్సు ఉండాలి, బండిని అదుపు చేయడానికో ఆపడానికో వీలైన చోట కూర్చోవాలి. లైసెన్సు చేతికొచ్చి ఎన్నాళ్లయి ఉండాలి, మందు తాగి కూర్చోవచ్చా, ఫోను చూసుకోవచ్చా అన్న ఊసే లేదు. బండి ఎవరినీ గుద్దకుండా ఆపే బరువు చాలావరకు ఆ మనిషి మీదే ఉన్నప్పుడు, ఈ లోటును ఇన్నేళ్లుగా పూడ్చకపోవడం తప్పు.

ఆపడానికి వీలైన చోటు అనే మాట డ్రైవింగ్ స్కూలు కారుకు సరిపోతుంది. అక్కడ నేర్పే మనిషి కాళ్ల దగ్గర కూడా బ్రేకు ఉంటుంది. స్కూలు కార్లకు ఇలా రెండో కంట్రోలు ఉండాలని నిబంధనే ఉంది. ఇంటి కారులో నాన్నకో బాబాయికో అందేది రెండు సీట్ల మధ్యనున్న హ్యాండ్ బ్రేకు ఒక్కటే. ఆదివారం పొద్దున్నే కాలనీ రోడ్డు మీద ఒక అమ్మాయి క్లచ్ వదలడం నేర్చుకుంటోందనుకోండి. బండి రెండుసార్లు కుదుపుతో ఆగిపోయింది. మూడోసారి కదిలింది. పక్క సందులోంచి స్కూటరొచ్చింది. తండ్రి 'బ్రేకు, బ్రేకు' అని అరిచాడు. ఆ కేకకు కంగారుపడి అమ్మాయి కాలు యాక్సిలరేటర్ మీద పడింది. అప్పటికే తండ్రి కుడిచెయ్యి హ్యాండ్ బ్రేకు మీద ఉంటే ఒక లెక్క, సీటు వెనక్కి వాల్చుకుని కూర్చుని ఉంటే ఇంకో లెక్క. చాలా కొత్త కార్లలో ఆ లివరే లేదు, బటన్ ఉంది. కారు కదులుతుండగా ఆ బటన్‌ను ఎలా వాడాలో యజమానులకే సరిగా తెలియదు. ముందుగా ఖాళీ మైదానంలో ఒకసారి వాడి చూడమని వాళ్లకు చెప్పేవారు లేరు.

ద్విచక్ర వాహనం దగ్గరైతే ఈ నిబంధన ఇంకా తేలిపోతుంది. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) మీద స్కూటర్ నడిపేవారు నేర్పే మనిషిని తప్ప ఇంకెవరినీ ఎక్కించుకోకూడదు. కానీ వెనక కూర్చున్న అన్నయ్యకు బ్రేకు అందదు. మరి ఆయన బండిని ఎలా ఆపుతాడు?

తాగి నడపడాన్ని నేరం చేసిన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్, బండి నడుపుతున్నవారికి లేదా నడపబోయేవారికి వర్తిస్తుంది. చేత్తో ఫోను పట్టుకుని మాట్లాడటంపై ఉన్న నిషేధమూ నడిపేవారికే. పక్కనుండి నేర్పేవారి ప్రస్తావన రెండింటిలోనూ లేదు. బ్రిటన్‌లో వెంట కూర్చునేవారికి కనీసం 21 ఏళ్లుండాలి, లైసెన్సు వచ్చి మూడేళ్లు దాటాలి. చేత్తో ఫోను పట్టుకోవడం నడిపేవారితో పాటు నేర్పేవారికీ 2003 నుంచి నేరం. మన దగ్గర నిన్న లైసెన్సు కార్డు అందుకున్న పిల్లాడు ఇవాళ తమ్ముడికి గురువైపోవచ్చు. తనకే ఇంకా అద్దాలు చూడటం అలవాటు కాలేదు, ఎదుటివాడి తప్పును క్షణం ముందు ఎలా పసిగడతాడు?

ఇక గంటల సంగతి. డ్రైవింగ్ స్కూల్లో కారుకు కనీసం 21 రోజుల శిక్షణ, అందులో 10 గంటలు స్టీరింగ్ పట్టుకోవాలని లెక్క ఉంది. ఇంట్లో నేర్చుకునేవారికి ఏ లెక్కా లేదు. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని 30 రోజులు నిండితే పరీక్షకు పోవచ్చు. ఆ నెలలో బండి ముట్టుకున్నారా లేదా అని అడిగేవారు లేరు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో పాతికేళ్లలోపు వారు 120 గంటలు నడిపి లాగ్‌బుక్‌లో రాయాలి. అందులో 20 గంటలు రాత్రిపూట. కాలిఫోర్నియాలో 18 ఏళ్లు నిండని పిల్లలకు 50 గంటలు, అందులో 10 రాత్రివి. పక్కన ఉండేవారికి పాతికేళ్లు నిండాలి, గంటలు పూర్తయ్యాయని తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. అక్కడ స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలు దీన్ని ఇంటి పనుల్లో ఒకటిగా చేసుకున్నాయి. ఎదురుగా హైబీమ్ లైట్లు కళ్లలో కొట్టే మన రోడ్ల మీద రాత్రి సాధన ఇంకా ఎక్కువ అవసరం. మనవాళ్లలో చాలామంది మొదటిసారి చీకట్లో బండి నడిపేది లైసెన్సు వచ్చాకే, పక్కన ఎవరూ లేకుండానే.

నిర్లక్ష్యం ఖరీదు ఇంటిదాకా వస్తుంది. మామూలు వాహన బీమా పాలసీలో డ్రైవర్ నిబంధన చదవండి. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవారు నడపవచ్చు గానీ, మూడో నిబంధన షరతులు పాటించి ఉండాలని అందులో ఉంటుంది. ఎల్‌ఎల్‌ఆర్ కూడా లైసెన్సేననీ, బాధితులకు పరిహారం ఎగ్గొట్టడానికి కంపెనీలు దాన్ని సాకు చేసుకోరాదనీ 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఎదుటివారికి దక్కే రక్షణ. సొంత కారు మరమ్మతు క్లెయిము దగ్గర మాత్రం పక్క సీటు ఖాళీగా ఉందన్న మాట అడ్డం తిరగొచ్చు. ఇక ఎల్‌ఎల్‌ఆర్ కూడా లేని మైనర్ చేతికి తాళం ఇచ్చిన తల్లిదండ్రులకు, వాహన యజమానికి మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పెట్టింది.

ఇన్ని షరతులు పెడితే పేదలు, పల్లెల్లో ఉండేవారు, ఇంట్లోనే నేర్చుకోక తప్పని ఆడవాళ్లు ఆగిపోతారన్న వాదన ఉంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. డ్రైవింగ్ స్కూలు లేని మండలాలున్నాయి, ఫీజు కట్టలేని ఇళ్లున్నాయి. అందుకే ఇంటి శిక్షణను ఆపమనడం లేదు. దానికి కాస్త పద్ధతి కావాలంటున్నాను. మూడో నిబంధనలో నేర్పేవారికి మూడేళ్ల లైసెన్సు అనుభవం చేర్చాలి. మద్యం, ఫోను విషయంలో నడిపేవారికున్న శిక్షే వారికీ వర్తించాలి. బైకు, స్కూటర్ మొదటి పాఠాలు రోడ్డు మీద కాకుండా మైదానంలోనే జరగాలి. ఇందుకు వారానికి ఒక పూట మైదానం కేటాయించడం మున్సిపాలిటీలకు పెద్ద పనేమీ కాదు.

ప్రతి కూడలిలో పోలీసును పెట్టి దీన్ని అమలు చేయలేం, ఆ అవసరమూ లేదు. ఎల్‌ఎల్‌ఆర్ స్లాట్ బుక్ చేసేటప్పుడే నేర్పబోయేవారి లైసెన్సు నంబరు అడగాలి. అనుభవం చాలకపోతే కంప్యూటరే చెబుతుంది. సరిపోతే ఆ పెద్దవారి ఫోనుకు తెలుగులో ఒక సందేశం పోవాలి: చెయ్యి హ్యాండ్ బ్రేకు దగ్గరే ఉంచండి, తాగి కూర్చోకండి, ఫోను పక్కన పెట్టండి, అరవకండి. వారు ఒప్పుకున్నాకే ఎల్‌ఎల్‌ఆర్ జారీ కావాలి.